ఫిలేమోను, తండ్రి పేరు యోనా

పూర్వీకులు లేని మనిషంటూ ఎవడూ ఉండడన్న సంగతి ప్రభుత్వానికి ఆ ఏడాదే తెలిసింది. తెలిసిందే తడవుగా ఒక పథకం పెట్టేసింది. దాని పేరు 'వీర పూర్వీకుల అన్వేషణ'. పాత యుద్ధాల రోజుల్లో పోయిన సైనికులు ఏ సమాధుల్లో ఉన్నారో, వాళ్ల మనవలు ఏ ఊళ్లలో ఉన్నారో వెతికి, ఇద్దరినీ కలపడం ఆ పథకం ఉద్దేశం. ప్రారంభోత్సవం నాడు శాలువాలు కప్పుకున్నారు, బెలూన్లు ఎగరేశారు, సైనికుల సంగతి తప్ప అన్నీ మాట్లాడారు. తర్వాత కంటోన్మెంటులో ఒక పాత బంగళాకి సున్నం కొట్టించి అందులో ఒక విభాగం తెరిచారు. తెరిచి ఏడాది దాటినా ఒక్క పూర్వీకుడూ దొరకలేదు. వెతికితే కదా దొరకడానికి!

సరిగ్గా అలాంటి సమయంలో, ఖర్మ కాలి, ఆర్టీసీ కండక్టరు నేలపూడి ఫిలేమోను ఆ బంగళా మెట్లెక్కాడు.

ఫిలేమోనుది గోదావరి పక్కన మునగలంక. ఆ ఊళ్లో ఇంటికొకడు పటాలంలోకి వెళ్లడం రివాజు. చర్చి ముందు నల్లరాతి స్తంభం ఒకటుంది. పటాలంలో ఉండగా పోయినవాళ్ల పేర్లన్నీ దాని మీద చెక్కి ఉంటాయి. ఫిలేమోను తాత పేరు మాత్రం లేదు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా ఆయన పటాలం వదిలి పారిపోయాడని పైనుంచి కబురొచ్చింది. అప్పటికి మామ్మ కడుపుతో ఉంది. ఆ రోజు మొదలు ఊరు ఆ ఇంటిని 'పారిపోయినోడి ఇల్లు' అనడం మొదలుపెట్టింది. మామ్మ ఆ మాట పడుతూనే బతికింది, పడుతూనే పోయింది. ఆ కడుపున పుట్టినవాడే యోనా, అంటే ఫిలేమోను తండ్రి. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. గుండె నీరసించి మంచాన పడ్డాడు. ఏటా స్తంభం దగ్గర పేర్లు చదివే ఆదివారం నాడు ఆయన చర్చికి వెళ్లేవాడు కాదు. ఒంట్లో బాలేదనేవాడు. దుక్కలా ఉన్న రోజుల్లోనూ అదే మాట.

మొన్నామధ్య ఆ ఊరి హవల్దారు ఒకాయన కంటోన్మెంటుకి పనిమీద వెళ్లి, అక్కడి పాత సమాధుల దొడ్డిలోంచి ఒక రాయి ఫొటో తీసి పంపాడు. రాయి మీద నేలపూడి ఫిలేమోను, తండ్రి యోనా, మునగలంక అని ఉంది. జ్వరంతో ఆసుపత్రిలో మరణించినట్టు ఉంది. తేదీ చూస్తే, పారిపోయాడని చెప్పిన రోజుకి మర్నాడు! రోడ్డుకి ఇవతల పటాలం, అవతల ఆసుపత్రి. జ్వరమొచ్చిన మనిషి రోడ్డు దాటాడు గానీ ఆ కబురు మాత్రం ఎనభయ్యేళ్లయినా దాటలేదు.

యోనా ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. "ఆ రాయి మీదోడూ, వాళ్ల కాయితంలో పారిపోయినోడూ ఒకడేనని ఓ ముక్క రాయించుకొచ్చెయ్ నాన్నా. సంఘ పెద్దలు స్తంభం మీద పేరెక్కిస్తామన్నారు. అది చూసి పోతాను" అన్నాడు. ఆయనకి అంతకు మించి ఏ కోరికా లేదు. ఫిలేమోను సెలవు పెట్టి బయల్దేరాడు. ఒక్క ముక్క రాయడానికి వాళ్లకెంతసేపు పడుతుందిలే అనుకున్నాడు. పాతికేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనిషి అలా ఎలా అనుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

విభాగాధిపతి పేరు సదాశివం గారు. ఆయన పలకరించినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"తమ నామధేయం?"

"నేలపూడి ఫిలేమోనండి."

"పితృనామం?"

"యోనా అండి."

"స్వగ్రామం?"

"మునగలంకండి. ఆయ్."

సదాశివం గారు పాత రికార్డు తెప్పించి చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉన్నదా?"

"ఉందండి. మా ఇంట్లో మగోళ్లందరికీ..."

"ఉన్నదా, లేదా?"

"ఉందండి."

సదాశివం గారు కుర్చీలోంచి లేచి కరచాలనం చేశారు. "అభినందనలు! ఈ పథకం కింద లభ్యమైన మొట్టమొదటి సైనికులు తమరే!"

ఫిలేమోను చెయ్యి వెనక్కి లాక్కుని, "నేను కాదండి బాబూ! మా తాత! నేనాయన మనవణ్ణి" అన్నాడు.

"రికార్డులోని సైనికుడి పేరు ఫిలేమోను. తమరి పేరు ఫిలేమోను. ఆయన తండ్రి యోనా. తమరి తండ్రి యోనా అని తమరే సెలవిచ్చారు."

"ఆ యోనా వేరండి! మాకేటంటేనండి, తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. పాత యోనా కొడుకు మా తాత ఫిలేమోను. ఆయన కొడుకు మా నాన్న యోనా. మా నాన్న కొడుకుని నేను, ఫిలేమోను. నా కొడుకు మళ్లీ యోనా. అలా వరసగా దిగుతుందండి."

"ఆచారాలు రికార్డు కావు" అన్నారు సదాశివం గారు, జాలిగా.

"పోనీ, వయసు చూడండి! నాకు యాభై నాలుగు. మా తాతే ఉంటే నూరు దాటిపోవాలి కదండీ!"

ఆ మాటకి సదాశివం గారు హాయిగా నవ్వారు. "వయసా! ఆ రోజుల్లో సైన్యంలో చేరిన ప్రతివాడూ వయసు విషయంలో అబద్ధమే చెప్పాడు. అందుచేత గుర్తింపునకు సంబంధించి వయసును పరిగణనలోనికి తీసుకోరాదని అప్పుడే ఒక సర్క్యులరు జారీ అయినది. దానిని నేటివరకూ ఎవరూ రద్దు చేయలేదు. తమరు యాభై నాలుగంటున్నారు. అది కేవలం తమ మాట."

ఫిలేమోను బస్సులో టిక్కెట్టు లేనివాళ్లని చాలామందిని చూశాడు. వాళ్లలో ఒక్కడు కూడా ఇంత నిబ్బరంగా వాదించలేదు. మంచినీళ్లు అడిగి తాగాడు.

"పోతే, తమరు లభ్యమైనందుకు ప్రభుత్వ పక్షాన సంతోషం" అంటూ సదాశివం గారు గొంతు సవరించుకున్నారు. "అయితే తమరి పేరిట ఎనభై సంవత్సరాల పైచిలుకు గైర్హాజరు ఉన్నది. దీనికి సంజాయిషీ ఇవ్వవలసి ఉంటుంది. విచారణ ముగియు వరకు ఈ ఆవరణ దాటరాదు. భోజనం, వసతి ప్రభుత్వానివే."

సాయంత్రానికల్లా ఫిలేమోనుకి ఒక గది, ఒక దుప్పటి, మోకాళ్ల దాకా ఉండే ఖాకీ నిక్కరు ఒకటి ఇచ్చారు. పాత కాలపు సైనికుడికి పాత కాలపు యూనిఫారమే ఇవ్వాలట. నిక్కరు వేసుకోనని మొండికేస్తే, దాన్ని కూడా గైర్హాజరుకి కలిపి రాసుకుంటామన్నారు. చచ్చినట్టు వేసుకున్నాడు.

మర్నాడు డాక్టరు గారు వచ్చి పరీక్ష చేశారు. ఆయన ఫిలేమోనుని గుచ్చి చూస్తున్నకొద్దీ పొంగిపోయారు. "నూట నాలుగేళ్ల మనిషికి ఇన్ని పళ్లా! ఈ మోకాళ్లేమిటి, ఈ చూపేమిటి!"

"నాకు నూట నాలుగు లేవండి."

"మతిమరుపు మాత్రం కొద్దిగా ఉన్నది" అని డాక్టరు గారు రాసుకున్నారు. "రక్తపోటు కూడా ఎక్కువే."

"అది నిన్నట్నుంచేనండి" అన్నాడు ఫిలేమోను.

పటాలంలో చేరిన రోజు కొలిచి పాత రికార్డులో రాసిన ఎత్తు కంటే ఫిలేమోను కాస్త పొడుగున్నాడు. దానికీ డాక్టరు గారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. 'గైర్హాజరు కాలంలో ఎదిగెను' అని రాసేశారు. యుద్ధం రోజుల్లో సైనికులకి పెట్టిన వేయించిన శనగలు, బెల్లం ముక్కల వల్లే మనిషి ఇంత గట్టిగా ఉన్నాడని తేల్చి, దాని మీద ఒక వ్యాసం రాయడానికి కూర్చున్నారు. మధ్యాహ్నం టీవీ వాళ్లు వచ్చారు. ఫిలేమోను ఏదో చెప్పబోతే సదాశివం గారు అడ్డుపడి, సైనికులు భావోద్వేగంలో ఉన్నారని, మాట్లాడే స్థితిలో లేరని చెప్పారు.

కాసేపటికి ఇంటి నుంచి భార్య ఫోను చేసింది. "ఏవండీ, టీవీలో మీకు నూట నాలుగేళ్లంటున్నారు! ఆ నిక్కరేంటండీ, పరువు తీశారు కదా!" అంటూ గోల పెట్టి, ఫోను మామగారికిచ్చింది.

"పనయిందా నాన్నా?" అన్నాడు యోనా. గొంతు బాగా నీరసంగా ఉంది.

"అవుతుంది నాన్నా" అన్నాడు ఫిలేమోను. అలా అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోను పెట్టేసి తిన్నగా సదాశివం గారి గదిలోకి వెళ్లాడు. "మీకో దండం. ఒక్కసారి ఆ సమాధుల దొడ్డికి పదండి. మా తాత అక్కడ పడుకునుంటే నేను మా తాతనెలా అవుతానో మీరే చెబుదురు గాని."

సదాశివం గారికి ఇది సమంజసంగానే తోచింది. జీపు తీయించారు. సమాధుల సంరక్షణాధికారిణి రాజ్యలక్ష్మి గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. ఆ దొడ్డి ఎంత శుభ్రంగా ఉందంటే, చనిపోయినవాళ్లు కూడా అక్కడ కాళ్లు చాపుకోడానికి భయపడతారేమో అనిపించింది. వరసల మధ్య సున్నం గీతలు, మొక్కకొక నంబరు.

రాయి దగ్గరికి వెళ్లగానే ఫిలేమోను నిక్కరు సంగతి, టీవీ సంగతి అన్నీ మరిచిపోయాడు. వంగి ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టాడు. తన పేరే. తండ్రి పేరే. కానీ తను కాదు. ఈ రాయి ఇక్కడుందని తెలియక మామ్మ ఊళ్లోవాళ్ల మాటలకి తలొంచుకుని నడిచింది. కళ్లు తుడుచుకుని, "చూశారా అండీ! ఇదిగో మా తాత" అన్నాడు.

రాజ్యలక్ష్మి గారు, సైనికుడు దొరికాడని సదాశివం గారు రాసి తెచ్చిన ఉత్తర్వు రెండుసార్లు చదివారు. ఆవిడ ముఖం కందిపోయింది. "సదరు ఫిలేమోను సజీవుడని తమ విభాగం ధ్రువీకరించినట్లున్నదే! సజీవుల పేరిట సమాధి కేటాయింపు పూర్తిగా నిషిద్ధం. ఇన్నేళ్లుగా ఇది మా దృష్టికి రాకపోవడం విచారకరం."

"మరి లోపలున్నదెవరండి?" అన్నాడు ఫిలేమోను.

"అనధికార ఆక్రమణదారు."

"ఎనభయ్యేళ్లుగా పడుకునున్న మనిషండీ!"

"ఎంతకాలం ఆక్రమించినా హక్కు సంక్రమించదు" అన్నారావిడ. "రేపు ఉదయం ఈ రాయి తొలగించి, 'వివరములు తెలియవు' అని పెట్టిస్తాము. లేదా తమరు ఇష్టపడిన పక్షంలో ఇందులో ప్రవేశించవచ్చును. కేటాయింపు తమ పేరిటే ఉన్నది కనుక మాకు అభ్యంతరం లేదు."

ఫిలేమోనుకి కడుపు మండిపోయింది. స్తంభం మీద పేరెక్కించుకుందామని వస్తే, ఉన్న ఒక్క రాయి మీది పేరూ పీకేస్తారట! తను రాకుండా ఉంటే తాత ఇక్కడైనా తాతగా ఉండేవాడు. జీపులో కూర్చుని దారంతా తనని తను తిట్టుకున్నాడు. తర్వాత సదాశివం గారిని తిట్టాడు, మనసులోనే.

మర్నాడు ఉదయం విచారణ సమాధుల దొడ్డిలోనే పెట్టారు. షామియానా వేసి, బల్ల మీద పచ్చగుడ్డ పరిచారు. మధ్య కుర్చీలో ఒక రిటైర్డు కల్నలు గారు, ఆయనకి అటూ ఇటూ సదాశివం గారు, రాజ్యలక్ష్మి గారు. రాయి పక్కన ఇద్దరు మనుషులు గునపాలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. విచారణ ఎటు తేలినా వాళ్ల పని వాళ్లు చెయ్యాలి కదా!

ఫిలేమోను గునపాల వంక చూశాడు. కల్నలు గారి వంక చూశాడు. "ఒక్క మాటండి. సంజాయిషీ ఎవరిస్తే చెల్లుతుందండి?"

"సైనికుడు స్వయంగా హాజరై చెప్పినదానికి మించిన సాక్ష్యం లేదు" అన్నారు కల్నలు గారు. "మనవలు, మునిమనవలు చెప్పేవి వినికిడి మాటలు. అవి చెల్లవు."

ఫిలేమోను నిక్కరు సర్దుకుని బల్ల ముందు నిటారుగా నిలబడ్డాడు.

"అయితే రాసుకోండి. నేనే ఫిలేమోనుని."

సదాశివం గారి ముఖం వెలిగిపోయింది.

"నేను పారిపోలేదండి. ఆ రోజు పొద్దున్నే ఒళ్లు కాలిపోతోంది. కళ్లు తిరుగుతున్నాయి. మా సుబేదారు గారితో చెబుదామంటే ఆయన లేడు. ఎదురుగానే కదా ఆసుపత్రి, సూది వేయించుకుని వచ్చేద్దామని రోడ్డు దాటానండి. తిరిగొచ్చేద్దామనే వెళ్లాను. వాళ్లు మంచమ్మీద పడుకోబెట్టారు. దాహమేసింది. మా ఏటి నీళ్లు తాగాలనిపించింది." ఇక్కడిదాకా వెటకారంగానే లాక్కొచ్చాడు ఫిలేమోను. ఇక్కడ రాయి వైపు తిరిగాడు. "మా ఇంటిదాన్ని కడుపుతో వదిలేసొచ్చానండి. కొడుకు పుడితే మా నాన్న పేరు పెట్టమని చెప్పొచ్చాను. పుట్టింది కొడుకో కూతురో నాకు తెలీలేదు. మర్నాడు తెల్లారగట్ల పోయానండి. ఆ పూటే ఇదిగో, ఇక్కడే పాతిపెట్టారు. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను. ఎక్కడికీ కదల్లేదు. ఏనాడూ ఎవరూ వచ్చి నన్నేమీ అడగలేదు."

గునపాలవాళ్లలో ఒకడు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

కల్నలు గారు కలం మూత తీశారు. "అంటే, మరణించినట్లు తమరు స్వయంగా అంగీకరిస్తున్నారా?"

"అంగీకరిస్తున్నానండి."

"ఎవరి ఒత్తిడీ లేదు గదా?"

"జ్వరం ఒత్తిడేనండి."

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి కాసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత కల్నలు గారు నిలబడి తీర్పు చదివారు. "సైనికుడు స్వయంగా హాజరై ఇచ్చిన సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నది. గైర్హాజరుకు మరణం సహేతుకమైన కారణమే. మరణించుటకు ముందస్తు అనుమతి పొందకపోవడం లోపమే అయినప్పటికీ, ఇది మొదటిసారి కనుక మన్నించడమైనది. పారిపోయినట్లు ఉన్న నమోదును ఇందుమూలంగా రద్దు చేసి, విధి నిర్వహణలో మరణించినట్లు సవరించడమైనది."

రాజ్యలక్ష్మి గారు కూడా తృప్తిపడ్డారు. కేటాయింపుదారు మరణించాడు కనుక కేటాయింపు సక్రమమేనన్నారు. గునపాలు వెనక్కి పంపించారు. అయితే దస్త్రంలో ఖాళీ ఉండకూడదని, రాయి కింద చిన్న పలక ఒకటి కొత్తగా పెట్టించారు. 'విచారణకు స్వయంగా హాజరై, తిరిగి ప్రవేశించెను' అని దాని మీద రాయించారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. వెళ్లినవాళ్లు చదివి, కాస్త దూరంగా జరిగి నిలబడతారు.

చనిపోయిన మనిషి తమ ముందే నిలబడి, ఉత్తర్వు కాపీ కోసం చెయ్యి చాపుతున్నాడేమిటని ఒక్కరూ అడగలేదు. ఎందుకడుగుతారు? పథకం కింద ఒక సైనికుడు దొరికాడు, ఆయనకొక సమాధీ దొరికింది. అన్వేషణ విజయవంతమైందని అప్పుడే పైకి తెలియజేశారు. డాక్టరు గారొక్కరే, శనగలూ బెల్లం వ్యాసం ఏం కావాలని కాస్త నొచ్చుకున్నారు.

బంగళాలో ఫిలేమోను తన బట్టలు మార్చుకున్నాక, గేటు దాకా సాగనంపుతూ సదాశివం గారు మర్యాదగా చెప్పారు. "ఈ ఉత్తర్వుపై అభ్యంతరములు ఏమైనా ఉంటే సైనికుడే స్వయంగా దాఖలు చేయవలెను. తమరు మరణించి ఉన్నారు కనుక, ఆ అవకాశం ఇక లేనట్లే."

"ఎందుకు లేదండీ! మా అబ్బాయికి మొన్ననే పెళ్లి చేశాం" అన్నాడు ఫిలేమోను, నిక్కరు మడిచి ఆయన చేతిలో పెడుతూ. "వాడికి కొడుకు పుడితే ఇక్కడికే పంపిస్తాను. ఆడి పేరు ఫిలేమోనే, తండ్రి పేరు యోనాయే. చెవి కింద పుట్టుమచ్చ సంగతి కూడా నేను చూసుకుంటాను. ఆయ్."

సదాశివం గారు ఆ వివరాలు రాసుకున్నారు.

మర్నాడు ఇంటికి వచ్చేసరికి పొద్దెక్కింది. యోనా మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కోడలు గంజి పట్టుకొస్తే తర్వాత తాగుతానన్నాడట. ఫిలేమోను దారి పొడుగునా ఆ బంగళావాళ్లని తిట్టడానికి మంచి మంచి మాటలు పోగేసుకొచ్చాడు. నాన్న నవ్వుతాడని నిక్కరు సంగతి ముందు చెబుదామనుకున్నాడు. కానీ యోనా ముందు ఉత్తర్వు చదవమన్నాడు.

చదివాడు. పారిపోయినట్లు ఉన్న నమోదు రద్దు చేయడమైనది అన్న దగ్గర యోనా కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి గానీ ప్రార్థనో, తల్లిని తలుచుకున్నాడో తెలియలేదు. అంతా అయ్యాక కళ్లు తెరిచి, "మొదట్లో ఏదో ఉందే, ఆ ముక్క ఇంకోసారి చదువు" అన్నాడు.

"సైనికుడు స్వయంగా హాజరై ఇచ్చిన సంజాయిషీ..."

"స్వయంగానా?"

"అలాగే రాశారు నాన్నా, దరిద్రులు" అని ఫిలేమోను అసలు కథ మొదలెట్టబోయాడు.

యోనా చెయ్యెత్తి ఆపాడు. మతి తప్పిన మనిషి కాదాయన. ప్రభుత్వ కాగితాల సంగతి ఆయనకి తెలియనిదేమీ కాదు. అయినా కొడుకు ముఖంలోకి అదే పనిగా చూస్తూ, మెల్లగా అడిగాడు.

"మనిషెలా ఉన్నాడ్రా?"

పోగేసుకొచ్చిన తిట్లన్నీ ఫిలేమోను గొంతులోనే ఉండిపోయాయి. మంచం పట్టె మీద కూర్చున్నాడు. "నాలాగే ఉన్నాడు నాన్నా" అన్నాడు.

యోనా ఆ ఉత్తర్వు తీసుకుని, మడత పెట్టి గుండెల మీద పెట్టుకున్నాడు.

"నేను పుట్టానని చెప్పావా?"

"చెప్పాను నాన్నా" అన్నాడు ఫిలేమోను.